చప్పుళ్ళమ్మాయి, డబ్బా డాక్టరు

"డ్రైవ్ పోయిందండీ" అని ఫోన్ చేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

నెట్‌వర్క్ డ్రైవ్ అంటే ఏముంది? నిఘంటువంత లావు డబ్బా. లోపల హార్డ్ డిస్కు, వెనక కరెంటు తీగ ఒకటి, నెట్‌వర్క్ కేబుల్ ఒకటి. ఆఫీసులో నలుగురూ ఎవరి కంప్యూటర్ నుంచి వాళ్ళు అందులో ఫైళ్ళు దాచుకుంటారు, తీసుకుంటారు. అది కనిపించడం లేదంటే చాలాసార్లు కారణం ఒకటే. ఎవరో మహానుభావుడు కుర్చీ జరుపుతూ తీగ లాగేసి ఉంటాడు. ఆ తీగ మళ్ళీ గుచ్చడానికి నేను బండేసుకుని ఊరంతా తిరగాలి. దానికి సర్వీసు అని పేరు.

ఆ రోజు ఫోన్‌లో వినిపించింది ఆడగొంతు.

"డ్రైవ్ పోయిందండీ."

"పోవడమేంటండీ, దానికి కాళ్ళున్నాయా? లైటు వెలుగుతోందా చూడండి."

"ఏ లైటు?"

"డ్రైవ్ మీద లైటు మేడమ్. గదిలో లైటు కాదు."

"గదిలో లైటు సంగతి నేనెత్తానా? ముందు మనిషిలా మాట్లాడటం నేర్చుకుని ఫోన్ చేయండి!"

పెట్టేసింది. ఫోన్ చేసింది తను, నేర్చుకుని చేయమన్నది నన్ను! అడ్రస్ మా ఆఫీసులో ఉంది కాబట్టి వెంటనే బండి తీశాను. పనికోసం కాదు. ఎదురుగా నిలబడి నాలుగు మాటలు అనడానికి.

మేడ మీద గది. తలుపు తోస్తే వెనక ఇంకో తలుపు. అదీ తోస్తే గది మధ్యలో, గోడంటూ లేకుండా, చట్రంతో సహా నిలబడిన మూడో తలుపు. నేల మీద వెడల్పాటి ట్రేలలో ఇసుక, కంకర, ఎండుటాకులు. గోడ పొడుగునా చెప్పులు, బూట్లు, హైహీల్సు, వాటిలో సగానికి జత లేదు.

"చెప్పుల కొట్టుకి వచ్చానా ఏంటి?" అన్నాను.

"కొట్టుకైతే కొనేవాళ్ళు వస్తారు" అంటూ కంకర ట్రే వెనక నుంచి లేచింది ఒకమ్మాయి. ఒక కాలికి మగవాళ్ళ బూటు, ఇంకో కాలికి హైహీలు. "మీరెవరు?"

"డ్రైవ్ బాగుచేసేవాణ్ణి."

"ఓహో! ఫోన్‌లో లైటు మీద క్లాసు పీకిన డబ్బా డాక్టరు గారు మీరేనా? రండి రండి. రోగి లోపలుంది. మర్యాదగా పలకరించండి, భయపడుతుంది."

మా అమ్మ పెట్టిన పేరు ఒకటుంది నాకు. ఆ ఇంట్లో అది ఒక్కసారి కూడా పనికిరాలేదు.

సినిమాలో హీరో నడుస్తుంటే మనకి వినిపించే అడుగుల చప్పుడు హీరోది కాదట. షూటింగులో గోల ఎక్కువ కాబట్టి ఆ చప్పుళ్ళన్నీ తరవాత ఇలాంటి గదిలో, తెర మీద బొమ్మ చూస్తూ, వేరేవాళ్ళు చేస్తారట. దాన్ని ఫోలీ అంటారట. హీరో ఇసుకలో నడిస్తే వీళ్ళు ట్రేలో ఇసుక తొక్కుతారు. తలుపు తీస్తే ఆ ఒంటరి తలుపు తీస్తారు. ఈ సంగతి ఆ అమ్మాయి చెబుతుంటే నేను నవ్వాను.

"అంటే కాళ్ళీడ్చడం కూడా ఒక ఉద్యోగమా?"

"తీగలు గుచ్చడం ఉద్యోగమైనప్పుడు ఇది ఎందుకు కాకూడదు?" అంది.

లోపల కుర్చీలో ఒక పెద్దాయన, మోకాలి దాకా సిమెంటు కట్టు. ఆ అమ్మాయి తండ్రి. ఆ వీధిలో అందరూ అడుగుల మాస్టారు అంటారు.

"మెట్ల మీద జారాను" అన్నాడు, నేను అడక్కుండానే. "ఇన్నేళ్ళు ఊళ్ళో హీరోలందరినీ మెట్లెక్కించిన వాణ్ణి. నా మెట్టు నాకు కనపడలేదు. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేసి పని చూడు."

పని చూశాను. డబ్బా అలమరలో ఉంది. లైటు ఆరి ఉంది. స్విచ్ నొక్కాను. లేచింది. కంప్యూటర్‌లో ఠక్కున కనిపించింది.

"ఎవరో ఆపేశారు" అన్నాను, లాయరు గొంతుతో.

"ఎవరూ ఆపలేదు" అంది ఆమె.

"అయితే దెయ్యం ఆపింది. దెయ్యాలకి మా ఆఫీసులో వేరే విభాగం ఉంది, వాళ్ళకి ఫోన్ చేసుకోండి."

గెలిచానన్న గర్వంతో మెట్లు దిగాను.

మర్నాడు మళ్ళీ ఫోన్. "డాక్టర్ గారూ, మీ రోగి మళ్ళీ కళ్ళు తేలేసింది."

ఈసారి కేబుల్ మార్చాను. రౌటర్ ఆగి లేచినప్పుడల్లా డబ్బాకి కొత్త అడ్రసు నంబరు ఇస్తోందేమో, కంప్యూటర్ పాత నంబరు దగ్గరే వెతుకుతోందేమోనని ఒకటే నంబరు శాశ్వతంగా కేటాయించాను. కాసేపు పని లేకపోతే నిద్రపోయే అలవాటు ఉంటుంది దానికి, అది మాన్పించాను. డిస్కు నిండిపోయిందా చూశాను, లేదు. పాస్‌వర్డ్ అడిగాను. చెప్పింది. అది వాళ్ళ ఫోన్ నంబరే.

"దొంగకి శ్రమ లేకుండా బాగా ఆలోచించారు" అన్నాను. "ఈమధ్య ఏమైనా మార్చారా?"

"ఏమీ మార్చలేదు."

"నిజంగా?"

"కంప్యూటర్ని ముట్టుకుంటే ఒట్టు."

నేనున్నంతసేపూ అది బుద్ధిగా పనిచేసింది. "చూశారా? వంక దానిది కాదు, మీది. ఆడలేక మద్దెల ఓడన్నారట" అన్నాను.

"మీరుంటే బాగుంటుంది, మీరు వెళ్ళగానే చస్తుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు బడిపిల్లల్లాగ. దాన్ని మెచ్చుకోవాలో, మిమ్మల్ని చూసి జాలిపడాలో తెలియడం లేదు."

అప్పటిదాకా ఊరుకున్న మాస్టారు అందుకున్నాడు.

"అబ్బాయ్, మీ సరసం తరవాత. ఈ సినిమాలో హీరో నడకంతా ఆ డబ్బాలో ఉంది. కాలు విరగ్గొట్టుకోకముందు నేను నడిచిన నడక. కింద అంతస్తులో ఎడిటరు దాంట్లోంచే తీసుకుని బొమ్మకి అతికిస్తాడు. అది పోతే నేను ఈ సిమెంటు కాలుతో మళ్ళీ నడవాలా? ఎడిటరు అప్పుడే అంటున్నాడు, కంప్యూటర్‌లో రెడీమేడ్ అడుగులు దొరుకుతాయి, పడేస్తానని."

"పడేస్తే ఏం?" అన్నాను. అనకూడని మాట.

"ఏమా? రెడీమేడ్‌లో పోలీసుదీ అదే నడక, దొంగదీ అదే నడక! హీరో ఉద్యోగం పోయి ఇంటికొస్తున్నాడు. వాడి మడమ ఎలా పడుతుందో రెడీమేడ్ వాడికి తెలుసా? నేను వారం రోజులు ఆ కుర్రాడి భుజాలు చూసి నడిచాను. ఇదే నా ఆఖరి సినిమా అని డాక్టరు చెప్పేశాడు. నీలాంటి డాక్టరు కాదు, చదువుకున్నవాడు."

ఆ అమ్మాయి మొహం అటు తిప్పుకుంది. నేను మెట్లు దిగాను.

మూడోరోజు ఫోన్‌లో ఆమె గొంతులో వెటకారం లేదు. "వచ్చి కూర్చోండి. అది మీ కళ్ళ ముందు పోవాలి. అప్పటిదాకా కదలడానికి వీల్లేదు."

వెళ్ళేసరికి బయట వాన మొదలైంది. కిటికీ రేకుల మీద ధడధడ. మాస్టారు వానని తిడుతున్నాడు.

"ఇప్పుడు తీస్తున్నదే వాన సీను కదా మాస్టారూ? కిటికీ తెరిస్తే సరిపోదా?"

తండ్రీ కూతుళ్ళు నన్ను చూసిన చూపు నా జన్మలో మరిచిపోను.

"నిజం వాన వానలా ఉండదండీ" అంది ఆమె, పసిపిల్లకి చెప్పినట్టు. "మైకులో వింటే మూకుట్లో వేపుడు చప్పుడు. అసలు పనికిరాదు. వాన అంటే ఇదీ."

అట్టపెట్టెలో ఎండుగింజలు పోసి మెల్లగా ఇటూ అటూ వంచింది. కళ్ళు మూసుకున్నాను. దేవుడి వాన నిజంగానే దాని ముందు బలాదూరు.

బయట వాన వెలిసింది. ఎర్ర బల్బు వెలిగింది. అది వెలిగిందంటే రికార్డింగ్ మొదలైనట్టే, ఇక ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు. తెర మీద హీరోయిన్ వరండాలో పచార్లు చేస్తోంది. ఈమె కళ్ళు తెర మీద, కాళ్ళు చెక్కపలక మీద. హీరోయిన్ ఆగితే ఆగింది. తిరిగితే తిరిగింది. ఆ హీరోయిన్‌ని నేను ఇదివరకు రెండు సినిమాల్లో చూశాను, మొద్దు మొహం. ఆ మొహంలో దిగులు ఉందని ఈమె అడుగులు వింటేనే తెలిసింది. నుదుటి మీద చెమట తుడుచుకోకుండా, పెదవి కొరుక్కుంటూ, ఆ మొద్దు పిల్లకి మనసు కుట్టి పెడుతోంది.

ప్రేమ కథల్లో ఈ చోట గుండె ఝల్లుమందని రాస్తారు. ఆ రాతలు చూసి నేను నవ్వేవాణ్ణి. నా గుండె ఝల్లుమంది, ఛీ.

సీను అయింది. తరవాతది ఇంకా నిశ్శబ్దమైన సీను. మాస్టారు అలమర వైపు వేలు చూపించాడు. ఆమె చప్పుడు చేయకుండా వెళ్ళి, మంచం కింద నుంచి మందపాటి బొంత తీసి, డబ్బాకి నిండా చుట్టి, పైన దిండు పెట్టి, అలమర తలుపు మూసింది. మళ్ళీ ఎర్ర బల్బు వెలిగి, అరగంటగా టేకు మీద టేకు నడుస్తుంటే అప్పుడు తట్టింది నాకు.

"ఆగండి!" అని అరిచాను.

"టేకు చెడగొట్టాడు దరిద్రుడు!" అని మాస్టారు అంతకన్నా గట్టిగా అరిచాడు.

"ఆ డబ్బాకి బొంతేంటండీ?"

"దాని ఫ్యాను గుర్రు పెడుతుంది. మైకులో వినిపిస్తోంది. కప్పకపోతే ఎలా?"

"రోజూ కప్పుతున్నారా?"

"నిశ్శబ్దం సీను ఉన్నప్పుడల్లా. మీరొచ్చే ముందు తీసేస్తాం. ఇంటికి మనిషి వస్తుంటే బొంత కనపడేలా ఉంచుతామా?"

"ఏమీ మార్చలేదన్నారు!"

"మీరు కంప్యూటర్ సంగతి అడిగారు. బొంత సంగతి అడిగారా?"

"బొంత కప్పారా అని ఎవడైనా అడుగుతాడా అండీ! దానికి గాలి ఆడాలి! ఉక్కపోసి, వేడెక్కి, తనని తాను ఆపేసుకుంటోంది. నేనొచ్చేసరికి చల్లారి లేస్తోంది. రికార్డింగ్ వాళ్ళ ఇళ్ళల్లో తప్ప ఈ రోగం ఎక్కడా రాదు!"

బొంత లాగేశాను. చెయ్యి పెడితే కాలింది. లైటు ఆరిపోయి ఉంది. చల్లారనిచ్చి స్విచ్ నొక్కాను. లేవలేదు. లోపల నుంచి టిక్, టిక్, టిక్ మని చప్పుడు.

డిస్కు చచ్చేటప్పుడు చేసే చప్పుడు అది.

"కాపీ ఉందా?" అన్నాను.

"ఉంది." ఆమె మొహం వెలిగింది. "అందులోనే ఇంకో ఫోల్డర్‌లో పెట్టాను."

"బీరువా తాళాలు రెండూ బీరువాలోనే పెట్టి మూసినట్టుంది మీ తెలివి!"

మాస్టారు తన సిమెంటు కాలు వంక చూసుకుంటున్నాడు. నా నోటి దురుసుకి నాకే అసహ్యం వేసింది. అయినా చెప్పక తప్పదు కదా.

"డిస్కు దెబ్బతింది మాస్టారూ. పోయింది."

"పోవడమేంటి? దానికి కాళ్ళున్నాయా?" ఆమె కళ్ళలో నీళ్ళు, గొంతులో నిప్పులు. "లేవండి అక్కణ్ణించి!"

నన్ను పక్కకి నెట్టి, మైకు తెచ్చి డబ్బాకి ఆనించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. "మళ్ళీ స్విచ్ వేయండి. ఇంకోసారి. ఇంకోసారి."

"ఎన్నిసార్లు వేసినా..."

"ష్!" చెయ్యెత్తింది. "ఇది విరిగిన చప్పుడు కాదు. విరిగిన చప్పుడు నాకు తెలుసు, సినిమాల కోసం రోజూ ఏదో ఒకటి విరగ్గొడుతుంటాను. లోపల ఏదో తిరగడం మొదలవుతోంది. వేగం అందుకోబోతోంది, అంతలో ఎవరో లాగేసినట్టు పడిపోతోంది. ప్రతిసారీ అదే చోట. దానికి బలం చాలడం లేదు!"

బలం చాలడం లేదు. నా బుర్రలో అప్పుడు వెలిగింది లైటు. డబ్బాకి కరెంటు ఇచ్చే అడాప్టర్! అది కూడా అదే బొంత కింద ఉడికి ఉంటుంది. వంగి వాసన చూశాను. కాలిన ప్లాస్టిక్ కంపు. కరెంటు సరిగా అందకపోయినా డిస్కు ఇలాగే టిక్కుటిక్కుమంటుంది. అది నాకు తెలుసు. తెలిసీ ముందే చావు కబురు చెప్పేశాను.

బ్యాగులో సరిగ్గా అంతే శక్తి ఉన్న అడాప్టర్ ఉంది. తీసి గుచ్చాను. ఆమె హెడ్‌ఫోన్స్ చెవులకి అదుముకుని నిలబడింది.

"తిరుగుతోంది" అంది. "ఇంకా... ఇంకా... అందుకుంది!"

లైటు మినుకుమినుకుమని పచ్చగా నిలిచింది. తెర మీద ఫోల్డర్ వచ్చింది. ఆమె ఒక ఫైలు నొక్కింది. గదిలో ఎవరో ఇసుకలో నడిచారు, బరువుగా, ఇంటికి వెళ్ళడం ఇష్టం లేనట్టు.

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. "నాదే" అన్నాడు.

అన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాను. పొడుగాటి కేబుల్ తెచ్చి డబ్బాని గది బయట నడవలో, గాలి తగిలే అరలో పెట్టాను.

"ఈ ఉపాయం మొదటి రోజే చెప్పొచ్చుగా?" అంది ఆమె.

"మొదటి రోజే గుర్రు సంగతి చెప్పొచ్చుగా?"

"ఇక పాడవదా?"

"పాడవదు. నేను మళ్ళీ రావాల్సిన పని లేదు."

"సంతోషం."

"నాకూ సంతోషమే."

ఇద్దరం ఒకరి మీద ఒకరం పళ్ళు నూరుకుంటూ విడిపోయాం. అంత సంతోషం ఎవరికీ రాకూడదు.

ఆ తరవాత ఫోన్ మోగితే చాలు, ఎగిరిపడేవాణ్ణి. ఊళ్ళో అందరి డ్రైవులూ పోతున్నాయి. బ్యాంకుది పోయింది, బడిది పోయింది, ఒక పళ్ళ డాక్టరుది రెండుసార్లు పోయింది. ఆ మేడ మీది డబ్బా ఒక్కటే గుండ్రాయిలా ఉంది. నా పనితనం మీద నాకే కసి పుట్టింది.

వారం తిరిగేసరికి మాస్టారే ఫోన్ చేశాడు. "అబ్బాయ్, డ్రైవ్ పోయింది. వెంటనే రా."

రెండేసి మెట్లు దూకాను. నడవలో డబ్బా పచ్చగా వెలుగుతోంది.

"బాగానే ఉందిగా మాస్టారూ?"

"బాగానే ఉంది. అబద్ధం చెప్పాను. కూర్చో."

లోపల ఆమె హైహీల్స్ వేసుకుని కంకర ట్రేలో నిలబడి ఉంది. నన్ను చూసి తెర వైపు తిరిగింది. మాస్టారు ఒక ఫైలు నొక్కాడు. ధబ్, ధబ్, ధబ్ మని ఎవరో నడుస్తున్న చప్పుడు.

"విన్నావా? ఆఖరి సీను. నా హీరో వానలో నిలబడి ఉన్నాడు. ప్రేమించిన పిల్ల వాడి దగ్గరికి పరిగెత్తుకు రావాలి. ఇది ప్రేమించిన పిల్ల పరుగా? కరెంటు బిల్లు కట్టడానికి వెళుతున్నట్టుంది! నువ్వు వెళ్ళిన రోజు నుంచీ దీని కాళ్ళకి ఇదే రోగం. సాయంత్రానికి ఇవ్వకపోతే ఎడిటరు రెడీమేడ్ పరుగు అతికిస్తానంటున్నాడు. నా నడక పక్కన రెడీమేడ్ పరుగు! అంతకన్నా నా రెండో కాలు కూడా విరగ్గొట్టండి."

"నాన్నా! కాలే విరిగిందనుకున్నాను, మతి కూడా పోయిందా?"

"అరవకు. బల్బు వేస్తున్నాను. టేకు."

ఎర్ర బల్బు వెలిగింది. నిశ్శబ్దం. తెర మీద వాన. ఆమె కాలు ఎత్తింది. నా వంక చూసింది. దింపేసింది.

నా వల్ల కాలేదు. "ఒక మాట చెప్పాలి" అన్నాను.

"మళ్ళీ టేకు చెడగొట్టారు!"

"చెడితే చెడనీండి. వారం నుంచి ప్రతి ఫోనూ మీదేనేమోనని చూస్తున్నాను. మీరు చేయరు."

"డబ్బా పాడైతే కదా చేసేది! అంత బాగా బాగుచేయమని ఎవరేడ్చారు?"

"అది నా తప్పా?"

"ముమ్మాటికీ మీ తప్పే! ఏ పనీ సరిగ్గా చేయరనుకున్నాను, ఇదొక్కటి సరిగ్గా చేసి చచ్చారు!"

"మీరంటే నాకిష్టం" అన్నాను. "మొదటి రోజు నుంచీ."

"అబద్ధం. మొదటి రోజు మీరు చెప్పుల్ని చూశారు."

"సరే. మూడో రోజు నుంచి."

ఆమె కంకర వంక చూసింది. "నోరు తెరిస్తే వెటకారం. మర్యాద లేదు, మన్నన లేదు. చావు కబురు ముందు చెప్పి వైద్యం తరవాత చేస్తారు. అయినా నచ్చారు. ఏం చేయను, నా ఖర్మ."

"అయిందా?" అన్నాడు మాస్టారు, తల తిప్పకుండా. "ఇప్పుడు పరిగెత్తు."

పరిగెత్తింది. ట్రే దాటి ఒక్క అడుగు ముందుకు పోలేదు గానీ, నేను కళ్ళు మూసుకుంటే వీధి చివర నుంచి వస్తోంది. తడబడింది, తమాయించుకుంది, ఊపిరి తీసుకోకుండా వచ్చేసింది.

"ఓకే" అన్నాడు మాస్టారు.

రెండు చప్పుళ్ళూ కలిపి బొమ్మకి పెట్టి చూపించాడు. వానలో ఆయన హీరో బరువుగా రెండడుగులు వేసి ఆగాడు. ఆమె పరుగు వచ్చి ఆయన అడుగుల పక్కన ఆగింది. తండ్రీ కూతుళ్ళ ఇద్దరి కాళ్ళూ తెర మీద ఒకచోట నిలబడ్డాయి. ఆయన దాన్ని రెండోసారి వేసుకుని చూశాడు. ముక్కు ఎగబీల్చి, జలుబు చేసిందన్నాడు.

ఆ తరవాత రికార్డింగ్ ముందు భాగం నొక్కాడు. స్పీకర్లో నా గొంతు, "ఒక మాట చెప్పాలి." మైకు నడుస్తూనే ఉంది కదా. మొత్తం పడింది, అరుపులతో సహా. నేను కుర్చీ కింద దూరదామని చూశాను. ఆమె రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఆయన మాత్రం తల వంచి, చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా విన్నాడు.

"ఇది సినిమాకి పనికిరాదు" అన్నాడు. "ఇద్దరికీ మాట్లాడటం రాదు. ఇంట్లోకి పనికొస్తుంది, ఉంచుకోండి."